సూర్యుడు లాగుతున్నా గ్రహాలు వెళ్లి అందులో పడిపోవెందుకు?

సూర్యుడు అంత బలంగా లాగుతుంటే భూమి వెళ్లి అందులో పడిపోవాలి కదా, పడట్లేదేం, అసలు ఇది తెలిస్తే మనకేం ఉపయోగం అని అడిగారు. నేను హైస్కూల్లో సైన్స్ చెప్తాను. ఈ ప్రశ్న ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. నా జవాబు ఎప్పుడూ ఒకటే: భూమి పడుతూనే ఉంది.

భూమి సెకనుకు దాదాపు 30 కిలోమీటర్లు దూసుకుపోతోంది. అదే సెకనులో సూర్యుడి వైపు పడేది సుమారు 3 మిల్లీమీటర్లు. స్కేలు మీద ఆ మూడు గీతలు చూపిస్తే పిల్లలు నమ్మరు, లెక్క మళ్లీ వేయమంటారు. తిన్నగా పోవాల్సిన దారిని సెకను సెకనుకూ ఆ కాస్త వంచితే చాలు, చుట్టూ తిరిగొస్తుంది. వెనక నుంచి ఎవరూ నెట్టక్కర్లేదు. అక్కడ అడ్డుకునే గాలి లేదు కాబట్టి పుట్టినప్పుడున్న వేగమే సాగుతోంది.

సూర్యుడికి దగ్గరైన కొద్దీ లాగుడు ఎక్కువ, అందుకే వేగమూ ఎక్కువ. బుధుడు సెకనుకు 47 కిలోమీటర్లు పోతే కుజుడు 24 మాత్రమే. ఈ తేడాను మన కళ్లతోనే చూడొచ్చు. 2024 డిసెంబరు మొదట్లో కుజుడు నక్షత్రాల మధ్య తూర్పుకు నడవడం ఆపేశాడు. తర్వాత వెనక్కి తిరిగి, జనవరిలో పునర్వసు జంట నక్షత్రాల దగ్గరికి వచ్చాడు. మా డాబా మీద నుంచి నోట్‌బుక్‌లో చుక్కలు పెట్టుకుంటూ చూశాను. ఫిబ్రవరి చివర్లో మళ్లీ ముందుకు కదిలాడు. పంచాంగంలో వక్రగతి అని రాసేది దీన్నే. కుజుడు నిజంగా వెనక్కి పోడు. మన రైలు పక్క పట్టాల మీది గూడ్సును దాటేటప్పుడు అది వెనక్కి పోతున్నట్టు కనిపిస్తుంది చూడండి, అలాంటిదే. ఈ కుజుడి గమనం మీదే ఏళ్ల తరబడి లెక్కలు కట్టి, కక్ష్య గుండ్రం కాదు, దీర్ఘవృత్తం (కాస్త సాగదీసినట్టుండే వృత్తం) అని ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ 1609లో ప్రకటించాడు.

ఇక ఉపయోగం సంగతి. మంగళయాన్ 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి బయల్దేరింది. కుజుడిని చేరింది 2014 సెప్టెంబరు 24న. గురి పెట్టింది కుజుడు ఆ రోజు ఉన్నచోటికి కాదు, చేరే రోజుకు ఉండబోయే చోటికి. భూమి ఇచ్చిన 30 కిలోమీటర్ల వేగానికి ఇంకొంచెం కలిపితే, దారిలో చాలా భాగం ఇంజిన్ ఆపేసే వెళ్లొచ్చు. అంత తక్కువ ఇంధనంతో వెళ్లే అవకాశం సుమారు 26 నెలలకోసారే వస్తుంది. ఆ తేదీలు దాటిపోతే మళ్లీ రెండేళ్లు ఆగాల్సిందే. నాకు ఇస్రో మీద గౌరవం పెరిగింది రాకెట్ చూసి కాదు, ఈ లెక్క అర్థమయ్యాకే.

మీరూ చూడాలనుకుంటే, 2027 ఫిబ్రవరి 19 ప్రాంతంలో కుజుడు మళ్లీ సూర్యుడికి సరిగ్గా ఎదురుగా, మఖ నక్షత్రం దగ్గర ఉంటాడు. 2026 డిసెంబరు నుంచే మొదలుపెట్టి, వారానికోసారి మఖకు ఎంత దూరంలో ఉన్నాడో కాగితం మీద గుర్తు పెట్టుకోండి. టెలిస్కోప్ అక్కర్లేదు.