చిట్టీ, ఆ పిల్ల కథ అచ్చు వేసేముందు

పర్లాకిమిడి

చిట్టీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు ఉద్యోగం మానేసి, గుమ్మ వైపు కొండ ఊళ్లలో సవర గిరిజన పిల్లలకి పుస్తకాల గది పెడతావట. నువ్వు రాసిన పిల్లల పుస్తకాలు అమ్మి, ఆ డబ్బుతో వాళ్ల చదువు నడిపిస్తావట. "నువ్వైనా దానికి చెప్పక్కా" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. భయం వేసింది, గర్వంగానూ ఉంది. ముప్పై రెండేళ్లు ఇక్కడ పాఠాలు చెప్పినదాన్ని, వద్దని ఏ నోటితో అనను?

ట్రస్టు పెట్టాలా, లాభం పంచుకోని సెక్షన్ 8 కంపెనీయా అన్నది ఆడిటర్‌ని అడుగు. పుస్తకాల డబ్బుకీ నీ సొంత డబ్బుకీ ఖాతాలు వేరుగా పెట్టుకో. ఊళ్లో బడి ఉంటే ముందు హెడ్మాస్టరుని కలువు. మార్చి నుంచి మే దాకా జీడిపిక్కల పని, పిల్లలు రాలేదని కోప్పడకు. చీకటి పడ్డాక ఘాట్ రోడ్డు దిగకు.

దోమతెర లేకుండా ఒక్క రాత్రి కూడా పడుకోకు. ఇది మాత్రం మూడుసార్లు చదువు. ఆ కొండల్లో మలేరియా పట్టుకుని నేను నలభై రోజులు మంచం దిగలేదు. మీ నాన్న అప్పటికి కాలేజీ కుర్రాడు. రోజూ సైకిలు మీద మందులు తెచ్చి, నా తల దగ్గరే కూర్చునేవాడు. వాడి కోపమంతా ఆ జ్వరం మీదే తల్లీ, నీ మీద కాదు.

నీ పుస్తకాలు తెలుగులో, ఇంగ్లీషులో ఉన్నాయి. ఆ పిల్లలు ఇంట్లో మాట్లాడేది సవర, బళ్లో చదివేది ఒడియా. మరి నీ పుస్తకం చేతిలో పెడితే ఏం చేసుకుంటారు? గిడుగు రామమూర్తి గారు 1880లో మన ఊరికి టీచరుగా వచ్చారు. సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు, ఆ తరవాతే వాచకాలు రాశారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే తనకొద్దని, దానితో సవర పిల్లలకి వాళ్ల భాషలోనే చెప్పే బడి పెట్టమని అడిగారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్లిపోయిన సంగతి చెబుతుంటే మా తాతయ్యకి గొంతు పూడుకుపోయేది. నువ్వు కనీసం ఒక ఏడాది సవర నేర్చుకో. ఒడిశా ప్రభుత్వం 2006-07 నుంచి గిరిజన భాషల్లో చిన్న తరగతుల పుస్తకాలు తెస్తోంది, సవరలోనూ ఉన్నాయి. అవి సంపాదించి చూడు.

ఇప్పుడు అసలు సంగతి. మీ నాన్నకి కూడా ఇది పూర్తిగా తెలీదు.

1989లో నేనూ, ఇద్దరు తోటి టీచర్లూ ఒక కొండ ఊళ్లో శని, ఆదివారాలు బడి నడిపాం. పదేళ్ల పిల్ల ఒకతి ఉండేది. పలక అక్కర్లేకుండా నోటితోనే లెక్కలు కట్టేది. పలకలకీ లాంతర్లకీ డబ్బు కావాలని పట్నంలో సభ పెట్టాం. నేనో కథ రాసి చదివాను. పేరు మార్చాను గానీ తక్కినదంతా దాని కథే: తల్లి చనిపోవడం, తండ్రి తాగి పడిపోవడం, పిల్ల గంజి కాచి తమ్ముళ్లకి పొయ్యడం. దాన్ని ముందు వరసలో కూర్చోబెట్టి, చివర్లో వేదిక మీదికి పిలిచాను. అందరూ కళ్లు తుడుచుకున్నారు. 1,140 రూపాయలు వచ్చాయి. ఆ రాత్రి ఎంత సంతోషించానో రాయడానికి ఇప్పుడు చెయ్యి రావడం లేదు.

దానికి తెలుగు రాదనుకున్నాను. సంతలో చింతపండు అమ్మే పిల్లకి తెలుగు రాకుండా ఎలా ఉంటుంది?

తరవాతి వారం అది రాలేదు. మూడో వారం వాళ్ల నాన్న మా ఇంటికొచ్చాడు. నేనిచ్చిన గౌను, పలక, పుస్తకాలు గుడ్డలో మూట కట్టి తెచ్చి అరుగు మీద పెట్టాడు. అరవలేదు. సగం ఒడియా, సగం తెలుగులో ఒక్కటే అడిగాడు: "నేను తాగుబోతునని నీకెవరు చెప్పారమ్మా?"

ఎవరూ చెప్పలేదు. ఒక మధ్యాహ్నం జీలుగు చెట్టు కింద నలుగురితో కూర్చుని కల్లు తాగుతుంటే చూశాను, అంతే. సవరల ఇళ్లలో ఆ కల్లు చనిపోయిన పెద్దలకి కూడా పోస్తారని, పెళ్లికీ చావుకీ ఉంటుందని అప్పటికి నాకు తెలీదు. అడగనూ లేదు. కథకి ఒక తాగుబోతు తండ్రి కావలసొచ్చి, అతన్ని అలా చేసేశాను.

మూడుసార్లు వాళ్లింటికి వెళ్లాను. నన్ను చూడగానే పిల్ల పెరట్లోకి వెళ్లిపోయేది. నాలుగోసారి వెళ్లడానికి ధైర్యం చాల్లేదు. ఆ డబ్బుతో లాంతర్లు కొన్నాం. అది కూర్చునే చోటు ఖాళీగానే ఉండేది.

అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. దాతలు ఫొటోలు అడుగుతారు, పిల్ల కష్టం అడుగుతారు. ఇవ్వకు. డబ్బు తక్కువొస్తే పది మందికి బదులు నలుగురినే చదివించు. నీ పుస్తకం బాగుందని కొనాలి, జాలిపడి కొనకూడదు. వాళ్ల గోడల మీది ఇడిటాల్ బొమ్మలు అందంగా ఉన్నాయని అట్ట మీద వేసెయ్యకు. అవి పూజ చేసి వేసుకునేవి. వేసినవాళ్లని అడుగు. ఒప్పుకుంటే డబ్బిచ్చి, వాళ్ల పేరు వేసి వాడుకో.

నీ మూడు కథలూ మీ నాన్న వాట్సాప్‌లో పంపాడు. కుందేలు కథకి ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను, బంగారూ. అంత బాగా రాస్తావని నాకు తెలీదు. రెండో కథలో నీళ్లకెళ్లే పిల్ల ఎడమ చేతి మీద కాలిన మచ్చ ఉందని రాశావు. అది ఊహించి రాసే మచ్చలా లేదు. ఆ పిల్ల ఎవరే? దానికి చదివి వినిపించావా? వాళ్లమ్మకి?

విశాఖలో గుణుపూర్ పాసింజరు ఎక్కు, స్టేషనుకి నేనొస్తాను. ఆ కథ కాగితాలు తీసుకురా. నా మోకాళ్లు ఇంకా జీపు ఎక్కనిస్తున్నాయి. ఆ పిల్ల ఇంటికి ఇద్దరం వెళ్దాం.

నీ
అత్త