చెప్పుల కోసం వచ్చినవాడు

తమ్ముడూ,

నీ రక్తపిశాచి కథ రెండుసార్లు చదివాను. చీకటిని బాగా రాశావు, ఆ గాలి శబ్దం ఇంకా చెవిలో ఉంది. కానీ నల్లకోటు, కోరపళ్లు, పాడుబడ్డ కోట, ఎండ తగిలితే బూడిదైపోవడం, ఇవన్నీ తయారుగా దొరికితే తెచ్చి పెట్టేశావు. ఒక్కొక్కటీ ఎప్పుడో ఎవరో తమ కథకు అవసరమై కల్పించుకున్నది. 1897లో బ్రామ్ స్టోకర్ రాసిన డ్రాకులా పట్టపగలే లండన్‌లో తిరుగుతాడు, పగటిపూట శక్తులు తగ్గుతాయంతే. ఎండకు చావడం 1922 నాటి నోస్ఫెరాటు సినిమాతో వచ్చింది. ఆ దొరల వేషం కూడా 1819లో జాన్ పోలిడోరి కథతో మొదలైందే.

అంతకుముందు ఊళ్లలో జనం భయపడింది పక్కింటివాడికి. 1725లో సెర్బియాలోని కిసిల్యెవో అనే ఊళ్లో పీటర్ బ్లాగొయెవిచ్ అనే రైతు చనిపోయాడు. తర్వాత ఎనిమిది రోజుల్లో తొమ్మిది మంది పోయారు, రాత్రి అతనే వచ్చి గొంతు నొక్కాడని మంచంలో చెప్పి మరీ పోయారు. అతని భార్య ఏం చెప్పిందో తెలుసా? తన దగ్గరికొచ్చి చెప్పులు అడిగాడట. ఆమె ఊరే విడిచి వెళ్లిపోయింది. ఇదంతా ఆస్ట్రియా అధికారి ఒకాయన రాసిన నివేదికలో ఉంది. సమాధి తవ్వితే శవం నోటి దగ్గర నెత్తురు కనిపించింది. కుళ్లే శరీరంలో గ్యాస్ చేరితే నోటి నుంచి అలాంటి ఎర్రటి ద్రవం వస్తుంది, పాపం వాళ్లకు తెలియదు. నాకైతే ఆ నెత్తురు కంటే చెప్పులే భయం. చనిపోయిన మనిషి తన వస్తువు తను అడుగుతున్నాడు, కాదనడం ఎలా?

ఇంకోటి, రెండో పేజీలో వాణ్ణి బేతాళుడు అన్నావు, ఆ మాట తీసెయ్. బేతాళుడు శవంలో ఉంటాడు నిజమే, కానీ విక్రమార్కుణ్ణి అడిగేది జవాబు, నెత్తురు కాదు. మన మాటల్లో పిశాచికి దగ్గరిది కావాలంటే 'జలగలా పట్టుకున్నాడు', 'రక్తం పీల్చేస్తున్నాడు' అని ఎవరి గురించి అంటామో చూడు. అప్పిచ్చినవాడు, పని చేయించుకునేవాడు, ఒక్కోసారి ఇంట్లోవాళ్లే. 1867లో మార్క్స్ కూడా పెట్టుబడిని పిశాచితోనే పోల్చాడు, బతికున్నవాళ్ల శ్రమను పీల్చి బతుకుతుందని.

స్టోకర్ పెట్టిన నియమాల్లో నాకు బాగా నచ్చింది, ఇంట్లోవాళ్లెవరైనా మొదట పిలిస్తే తప్ప వాడు లోపలికి రాలేకపోవడం. నీ కథలో తలుపు తీసిన ముసలావిడను ఒక్క వాక్యంలో చంపేశావు. అర్ధరాత్రి ఆవిడ ఎందుకు తీసింది? గొంతు గుర్తుపట్టి ఉంటుంది. ఎవరి గొంతది? ఆ పేజీ మళ్లీ రాసి పంపు, చదవాలని ఉంది.