చచ్చిన బూజునూ తీసేయాల్సిందే

ప్రశ్న: ఆరు నెలలు అమెరికాలో అబ్బాయి దగ్గర ఉండి వచ్చేసరికి మా ఫ్లాట్‌లో సామానంతా బూజు పట్టింది. బ్లీచింగ్ నీళ్లు కొడితే మచ్చలు తెల్లబడ్డాయి గానీ ముక్కవాసన పోలేదు. బూజులో విషం ఉంటుందంటున్నారు. పట్టుచీరలు, దూది పరుపులు, డబ్బాల్లో పల్లీలు ఉన్నాయి. ఏవి ఉంచుకోవచ్చు?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: బ్లీచింగ్‌తో బూజు చస్తుందమ్మా, కానీ దాని పొడి అక్కడే ఉంటుంది. కొన్ని రకాల బూజులు విషం తయారుచేస్తాయి. ఏది ఏ రకమో కంటితో పోల్చలేం. చచ్చిన బూజు పొడి కూడా ఆయాసం, ఎలర్జీ తెస్తుంది. కాబట్టి దాన్ని వస్తువు మీంచి పూర్తిగా తీసేయాలి. బ్లీచింగ్ ఇక వద్దు. దానికి బాత్‌రూమ్ యాసిడ్ గానీ వెనిగర్ గానీ తగిలిందంటే క్లోరిన్ వాయువు పుడుతుంది.

ముందు ఎన్95 మాస్కు, రబ్బరు గ్లవుజులు వేసుకోండి. కిటికీలు తెరవండి, ఫ్యాను మాత్రం వేయకండి. పొడి చీపురుతో ఊడ్చినా, గుడ్డతో దులిపినా పొడి ఇల్లంతా పరుచుకుంటుంది. ఆస్తమా ఉన్నవాళ్లు ఈ పని ముట్టుకోకూడదు.

స్టీలు బీరువా, గాజు, ప్లాస్టిక్, టైల్స్ తేలిక. లీటరు గోరువెచ్చని నీళ్లలో చెంచాడు డిటర్జెంట్ కలిపి, తడిగుడ్డతో తుడవండి. గుడ్డ కడగడానికి వేరే బకెట్ పెట్టుకోండి. లేకపోతే తీసిన బూజునే మళ్లీ పూసినట్టవుతుంది. తర్వాత మంచినీళ్ల గుడ్డ, ఆపైన పొడిగుడ్డ. పాలిష్ ఉన్న చెక్కకూ ఇదే పద్ధతి. ఉబ్బిన ప్లైవుడ్ మాత్రం దక్కదు.

నూలు బట్టలను రంగు ఓర్చుకుంటే 60 డిగ్రీల నీళ్లలో డిటర్జెంట్‌తో ఉతికి, పూర్తిగా ఆరేదాకా ఎండలో వేయండి. వాసన మిగిలితే మళ్లీ ఉతకండి. పట్టుకు వేడినీళ్లు పడవు, బ్లీచింగ్ అయితే పోగునే తినేస్తుంది. చీరను ఆరుబయట నీడలో ఆరబెట్టి, మెత్తటి బ్రష్‌తో బూజు తీసి, డ్రైక్లీనింగ్‌కిచ్చేటప్పుడు బూజు సంగతి చెప్పండి.

లోపలిదాకా బూజు పట్టిన దూది పరుపులు, దిండ్లు కవర్లో కట్టి పారేయండి. దూది ఏకిస్తే కొత్తదవుతుందని చాలామంది అంటారు. ఏకేటప్పుడు ఆ పొడంతా గాల్లోకి లేస్తుంది, మిగిలింది దూదిలోనే ఉండిపోతుంది.

ఇక పల్లీలు. ఇక్కడ మొహమాటం వద్దు. బూజు పట్టినవి ఏరేసి మిగతావి వేయించుకుంటే చాలనుకోవద్దు. పల్లీలకు పట్టే కొన్ని బూజులు తయారుచేసే విషం అఫ్లాటాక్సిన్, అది వంటింటి వేడికి పూర్తిగా నశించదు. ఈ విషం సంగతి బయటపడిందే వేరుశనగ పిండి వల్ల. 1960లో ఇంగ్లండులో ఆ దాణా తిని లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చాయి. అందుకని డబ్బా డబ్బాగా పారేయండి, గేదెకూ వేయకండి, పాలలోకి దిగుతుంది. ఎండుమిరప, ఎండుకొబ్బరి సంగతీ అంతే. నల్లమచ్చలు పడ్డ చెక్క గరిటెలనూ వదులుకోండి.

చెమ్మ తగ్గకపోతే నెలలోపే బూజు తిరిగొస్తుంది. తేమ కొలిచే చిన్న మీటరు కొనుక్కుని, గదిలో 60 శాతం దాటకుండా చూడండి. బీరువాను గోడకు నాలుగు అంగుళాలు ఎడంగా జరపండి. కలరా ఉండలు వాసనను కప్పుతాయంతే.