తమ్ముడు చివర్లో మాట్లాడాలా?

ప్రశ్న: నా ఇద్దరు తమ్ముళ్ళకూ ఆటిజం. వాళ్ళతో పెరిగిన రోజుల్నే ఫ్యామిలీ డ్రామాగా రాశాను. కొన్ని సీన్లు పంపుతున్నాను. కథ విన్న నిర్మాత, క్లైమాక్స్‌లో చిన్నవాడు ‘అక్కా’ అని పిలిస్తే హాలంతా ఏడుస్తుంది అంటున్నారు. మావాడికి ఇరవై రెండేళ్ళు, ఇప్పటికీ మాటల్లేవు. ఒప్పుకోమంటారా?
– ఓ పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఒప్పుకోకండమ్మా. హాలు ఏడుస్తుంది, నిజమే. ఆ రోజు కోసం ఇరవై రెండేళ్ళుగా ఎదురుచూస్తున్న మీ అమ్మగారు కూడా ఆ హాల్లోనే కూర్చుంటారు కదా!

ఆస్ట్రేలియా దర్శకురాలు ఎలిస్సా డౌన్‌దీ మీలాంటి ఇల్లే. ఇద్దరు సోదరులకీ ఆటిజం. ఆ అనుభవంలోంచే 2008లో ‘ది బ్లాక్ బెలూన్’ తీశారు. తెర మీద ఆటిజం ఉన్నవాడు చార్లీ ఒక్కడే, తన చోట థామస్ అనే అతని తమ్ముణ్ణి పెట్టారు. చార్లీకి మాటల్లేవు, చేతులతో సైగలు చేస్తాడు. డ్రాయర్ మీదే వీధిలోకి పరుగెత్తి ఎవరింటి బాత్రూమ్‌లోనో దూరతాడు. మనకి నవ్వొస్తుంది. వెనకాల పరుగెత్తుకొచ్చే థామస్‌కి ప్రాణం పోతుంటుంది. ఓపిక నశించి ఒకరోజు అన్నని చితక్కొడతాడు కూడా. చార్లీకి చివర్లో మాటలేం రావు. అయినా బెర్లిన్ ఉత్సవంలో క్రిస్టల్ బేర్ వచ్చింది. మీ నిర్మాతగారికి ఈ ముక్క చెప్పండి, అవార్డంటే వింటారు.

ఇక మీ సీన్లు. కుక్కర్ కూతకి చెవులు మూసుకునే పిల్లాడు, ఎవరూ చూడకుండా విజిల్ తీసి బియ్యం డబ్బాలో దాచెయ్యడం నాకు భలే నచ్చింది. అది వెతికేసరికి స్కూలు బస్సు వెళ్ళిపోయేదన్నారు. ఇది ఇంట్లో ఉన్నవాళ్ళకి తప్ప తట్టదు.

కానీ తొమ్మిదో క్లాసులో స్నేహితురాలు ఇంటికొస్తే, ‘వీడు పక్కింటి అబ్బాయి’ అని చెప్పిన సీను రాసి కొట్టేశారు. సిగ్గేసిందని పక్కన పెన్నుతో రాశారు కూడా. కథంతా అక్కడే ఉందమ్మా. మిగతా సీన్లలో మీరు మరీ మంచి అక్కలా ఉన్నారు, నాకు నమ్మకం కుదర్లేదు. ఆ పిల్ల వెళ్ళిపోయాక ఇంట్లో ఏం జరిగింది? అమ్మ వినిందా? ముందు అది రాసి పంపండి.