పెద్ద కంపెనీ పనికి ఉచిత సాఫ్ట్‌వేర్ వాడవచ్చా?

ప్రశ్న: కర్నూలులో తొమ్మిది మందితో సాఫ్ట్‌వేర్ సంస్థ నడుపుతున్నాను. హైదరాబాద్‌లోని ఒక పెద్ద కంపెనీ తన గోదాములన్నిటికీ సరుకు లెక్కల సాఫ్ట్‌వేర్ రాసే పని మాకు ఇస్తోంది. మా నలుగురు ప్రోగ్రామర్లూ కోడ్ రాయడానికి మైక్రోసాఫ్ట్ వారి విజువల్ స్టూడియో కమ్యూనిటీ వాడతారు, అది ఉచితం. జీపీఎల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఉన్న ఒక లైబ్రరీని, అంటే ఇతరులు రాసిపెట్టిన కోడ్‌ను, మా ప్రోగ్రాంలో కలుపుతామంటున్నారు. ఒక కంప్యూటర్‌లో మాత్రం క్రాక్ చేసిన డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఉంది. మాది చిన్న సంస్థ కాబట్టి ఇబ్బంది ఉండదు కదా?

జవాబు: ముందు ఆ క్రాక్ సంగతి. నకిలీదని తెలిసి కంప్యూటర్ ప్రోగ్రాం వాడటం కాపీరైట్ చట్టం, 1957లోని 63బి సెక్షన్ కింద నేరం. ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి రెండు లక్షల రూపాయల వరకు జరిమానా. వ్యాపార లాభానికి కాకుండా వాడినవారికి కోర్టు జైలు తప్పించవచ్చు. మీది వ్యాపారమే. తెలియదనడానికీ లేదు, మీరే రాసి పంపారు. ఈరోజే తీసేయించండి.

ఇక విజువల్ స్టూడియో. చిన్న సంస్థ తన సొంత పనికి ఐదుగురి వరకు కమ్యూనిటీని ఉచితంగా వాడుకోవచ్చు. అందుకే ఇంతకాలం మీకు చిక్కు రాలేదు. అయితే 250కి మించి కంప్యూటర్లు గానీ వాడకందారులు గానీ ఉన్నా, ఏటా పది లక్షల డాలర్లకు మించి ఆదాయం ఉన్నా ఆ లైసెన్సు లెక్కలో అది పెద్ద సంస్థ. అలాంటి సంస్థ అప్లికేషన్లు రాయడానికి దాని ఉద్యోగులే కాదు, కాంట్రాక్టర్లు కూడా కమ్యూనిటీని వాడకూడదు. ఓపెన్ సోర్స్ (కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే పని), చదువు వంటి కొద్ది మినహాయింపులు ఉన్నా మీ పని వాటిలోకి రాదు. ఒప్పందం మీద సంతకం పెట్టగానే మీరు ఆ కాంట్రాక్టరే. తెల్ల నంబరు ప్లేటు కారులో మీరు శ్రీశైలం వెళ్లి వస్తే ఎవరూ ఆపరు. అదే కారును బాడుగకు తిప్పితే కేసు. ఇదీ అంతే.

విజువల్ స్టూడియో కోడ్ అనే మరో ఉచిత ఎడిటర్‌కు ఈ పట్టింపు లేదు. అలాగని నిశ్చింతగా ఉండకండి. సీ షార్ప్ భాషలో రాసేవారు దానికి తగిలించే సీ షార్ప్ డెవ్ కిట్‌కు మళ్లీ కమ్యూనిటీ షరతులే వర్తిస్తాయి. ఇక్కడ బోల్తాపడేవారే ఎక్కువ.

జీపీఎల్ పేరు వినగానే భయపడేవారున్నారు, అసలు పట్టించుకోనివారూ ఉన్నారు. కోడ్‌లో మార్పుల లెక్క ఉంచే గిట్ కూడా జీపీఎల్ కిందిదే, దాన్ని వాడినందువల్ల మీ కోడ్‌కు ఏమీ కాదు. అది తాపీ వంటిది, పని అయ్యాక గోడలో మిగలదు. లైబ్రరీ అలా కాదు, గోడలో పెట్టిన బేతంచెర్ల రాయి. మీ కోడ్‌తో కలిపి కంపెనీ చేతికిస్తే, మొత్తం ప్రోగ్రాంను జీపీఎల్ షరతుల మీదే, సోర్స్ కోడ్‌తో (ప్రోగ్రామర్లు రాసిన అసలు కోడ్) సహా ఇవ్వాలి. కోడ్ మీద సర్వహక్కులూ తమవేనని కంపెనీ ఒప్పందంలో రాయించుకుంటుంది. ఈ రెండు మాటలనూ మీరు ఒకేసారి నిలబెట్టలేరు. ఏజీపీఎల్ అనే మరో లైసెన్సు అయితే ఇంకా గట్టిది. దాన్ని మార్చి సర్వర్‌లో నడిపినా, నెట్‌వర్క్ ద్వారా వాడేవారికి సోర్స్ అందుబాటులో ఉంచాలి. సోర్స్ ఇవ్వాలన్న షరతు లేని ఎంఐటీ లేదా అపాచీ లైసెన్సు ఉన్న లైబ్రరీ దొరుకుతుందేమో మీ వాళ్లను వెతకమనండి.

ఇంత చెప్పడానికి కారణం, ఇలాంటి ఒప్పందాల్లో దాదాపు ఎప్పుడూ ఉండే నష్టపూచీ క్లాజు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 124, 125 సెక్షన్లు చూడండి. లైసెన్సు వివాదంలో కంపెనీ మీదికి దావా వస్తే పరిహారం, కోర్టు ఖర్చులు మీ నుంచి రాబట్టుకోవచ్చు. ఆ పూచీకి ఒక గరిష్ఠ మొత్తం రాయమని అడగండి. బిల్లు మొత్తానికి మించకూడదని అడగడం అత్యాశేమీ కాదు. వాడబోయే ప్రతి సాధనం, లైబ్రరీ పేరు, వెర్షన్, లైసెన్సు ఒక జాబితాగా రాసి ఒప్పందానికి జతచేసి, కంపెనీ సంతకం తీసుకోండి. విజువల్ స్టూడియోకు నాలుగు పెయిడ్ లైసెన్సుల ఖర్చు కొటేషన్‌లోనే వేయండి. ధర ఒప్పుకున్నాక అడిగితే ఎవరూ ఇవ్వరు.