‘బుడగల ద్వారా’నా, ‘బుడగలతో’నా?

సందేహం: మా పర్లాకిమిడిలో తెలుగు పిల్లలు నడిపే గోడపత్రికకు ఒక విద్యార్థి ‘అల్ట్రాసౌండ్ ద్వారా సూక్ష్మబుడగల ద్వారా నరాల ద్వారా కణాలను సురక్షితంగా నడిపించడం’ అని శీర్షిక పెట్టాడు. ఇందులో దోషాలు ఉన్నట్టు తోస్తున్నది కానీ, ఏవో తేల్చుకోలేకపోతున్నాను. ‘సూక్ష్మబుడగ’ వైరిసమాసమని, అంటే సంస్కృత పదాన్ని వేరే భాష మాటతో కలిపిన సమాసమని, మా పెద్దలొకరు అభ్యంతరం కూడా చెప్పారు. (ఒక ఉపాధ్యాయిని, గజపతి జిల్లా, ఒడిశా)

సమాధానం: సమాసం సంగతి ముందే ముగిద్దాం. ‘జిల్లాపరిషత్తు’ను అంగీకరించిన భాష ‘సూక్ష్మబుడగ’ను కాదనవలసిన పని లేదు, ‘బుద్బుదం’ అని రాసినందువల్ల వ్యాకరణం గట్టిపడేదీ లేదు, పిల్లలకు అర్థం తెలిసేదీ లేదు. గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరివారికి ఈ మాట నేను విడమరచి చెప్పనక్కరలేదు.

అసలు చిక్కు మూడు ‘ద్వారా’లలో ఉంది. ఈ మాట సాధనాన్నీ చెబుతుంది, దారినీ చెబుతుంది. ఒకే వాక్యంలో మూడుసార్లు వస్తే ఏది తోస్తున్నదో, ఏది తోపుకు గురవుతున్నదో, ఏది కేవలం దారో పాఠకుడికి తెలియదు. అందువల్ల విభక్తిని ఎంచుకునే ముందు అక్కడ జరిగే పని ఏమిటో చూసుకోవాలి. రక్తంలో తేలే జీవకణం సాంద్రతలోనూ, నొక్కితే కుదించుకుపోయే గుణంలోనూ చుట్టూ ఉన్న ద్రవానికి దగ్గరగా ఉంటుంది కనుక, అల్ట్రాసౌండ్ తరంగం దాన్ని తోసే బలం స్వల్పం. సూక్ష్మబుడగ అలా కాదు. కొవ్వుపదార్థంతోనో ప్రోటీనుతోనో అయిన పలుచని పొరలో సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ వంటి వాయువును బంధించగా ఏర్పడినది అది; వాయువు తరంగపు ఒత్తిడికి తేలికగా కుదించుకుని మళ్ళీ వ్యాకోచిస్తుంది కనుక, ఆ తరంగం దాన్ని తాను సాగే దిశలోకి బలంగా నెడుతుంది. అటువంటి బుడగలను కణం చుట్టూ అతికిస్తే, బుడగల మీద పడిన తోపు కణాన్ని కూడా తీసుకుపోతుంది. బుడగల పరిమాణం సుమారు 1 నుంచి 10 మైక్రోమీటర్లు. ఎర్ర రక్తకణం 7, 8 మైక్రోమీటర్లు ఉంటుంది కనుక చాలా బుడగలు సన్నని కేశనాళికలలో కూడా సాగిపోగలవు. గుండె స్కానింగులో రక్తం స్పష్టంగా కనబడడానికి 1990లలోనే ఇవి వాడుకలోకి వచ్చాయి. కణాలను మళ్ళించే పని మాత్రం ఇంకా పరిశోధనశాలల స్థాయిలోనే ఉంది.

ఇప్పుడు విభక్తులు వాటంతట అవే కుదురుకుంటాయి. తోసేది తరంగం కనుక ‘అల్ట్రాసౌండ్ ఒత్తిడితో’ అనాలి. దారిని చెప్పేటప్పుడు ‘ద్వారా’ కన్నా ‘గుండా’ తేటగా ఉంటుంది. బుడగల దగ్గర ‘తో’ వాడితే ‘బుడగల సాయంతో’ అనీ, ‘బుడగలతో కలిసి’ అనీ రెండర్థాలు వస్తాయి. ఇతర చోట్ల అది లోపమే అయినా, ఇక్కడ రెండూ నిజమే కావడం విశేషం. అయినా శాస్త్రవిషయంలో శ్లేషను నమ్ముకోవడం కన్నా ‘బుడగలను అతికించి’ అని క్రియను పెట్టడమే నాకు నచ్చుతుంది.

‘నడిపించడం’ కూడా సరిపడదు. రక్తప్రవాహంలో కణాలు ఎలాగూ సాగిపోతూనే ఉంటాయి. నాళం రెండుగా చీలే చోట అవి కావలసిన కొమ్మలోకి పోయేలా చేయడమే ఇక్కడి పని. కాలువ నీటిని మడిలోకి మళ్ళించినట్టు, ఇది మళ్ళించడమే.

నరం, కణం అనే మాటల విషయంలో మీ ప్రాంతంలో జాగ్రత్త మరికొంత అవసరం. సెలైన్ పెట్టేటప్పుడు ‘నరం దొరకలేదు’ అంటే అందరికీ అర్థమవుతుంది. అది మంచి వాడుకే. కానీ ‘నరాల బలహీనత’ అన్నప్పుడు అదే మాట నాడులను సూచిస్తుంది కనుక, వ్యాసంలో ‘రక్తనాళం’ అనే రాయాలి. ఇక బడిలో ఒడియాలో సైన్సు చదివే పిల్లలకు జీవకణం ‘కోష’, ‘కణిక’ అంటే రేణువు. రక్తకణాన్ని మాత్రం అక్కడ కూడా ‘రక్తకణిక’ అంటారు. తెలుగులో ‘కణం’ రేణువుకూ జీవకణానికీ చెల్లుతుంది కనుక, మందు రేణువులను మళ్ళిస్తున్నారని వారు పొరబడే అవకాశం ఉంది. అలాగని ‘కోశం’ అని రాయకూడదు; జీర్ణకోశం, గర్భకోశం అనే మనకు అది సంచినే తలపిస్తుంది. మొదటి ప్రస్తావనలో ‘జీవకణం’ అని రాసి, తరువాత ‘కణం’ అంటే సరిపోతుంది.

‘సురక్షితంగా’ తప్పు కాదు కానీ, ఎవరి రక్షణో చెప్పదు. తరంగపు ఒత్తిడి హద్దు మీరితే బుడగలు ఒక్కసారిగా కూలి పక్కనున్న కణాన్నీ, నాళపు గోడనూ గాయపరచగలవు. ఒత్తిడి చాలకపోతే కణాలు ప్రవాహంతోనే కొట్టుకుపోతాయి. బుడగలు ఒకదాన్నొకటి ఆకర్షించుకుని గుంపుగా పేరుకుంటే సన్నని నాళానికి అడ్డుపడే ప్రమాదమూ ఉంది. కనుక ‘హాని కలగకుండా’ అని, హాని ఎవరికో ‘కు’ ప్రత్యయంతో చూపించాలి.

వాక్యాన్ని ఇలా మార్చుకోవచ్చు: ‘జీవకణాలకు సూక్ష్మబుడగలను అతికించి, ఆ కణాలకూ నాళపు గోడలకూ హాని కలగకుండా, అల్ట్రాసౌండ్ ఒత్తిడితో వాటిని కావలసిన రక్తనాళంలోకి మళ్ళించే పద్ధతి.’ శీర్షికకు ఇది పొడవు కనుక దీన్ని వ్యాసపు మొదటి వాక్యంగా పెట్టించి, పైన ‘రక్తనాళాలలో కణాల మళ్ళింపు’ అని మాత్రం రాయించండి.