మీ ప్రశ్నలు, మా జవాబులు: నల్లమలకు ఏ నెలలో పోవాలి?

ప్రశ్న: మాది దేవరకొండ. పిల్లలు ఇద్దరు, పెద్దోడికి పన్నెండు, పాపకు తొమ్మిదేళ్లు. సెలవు వస్తే చాలు ఫోన్లు పట్టుకొని కూర్చుంటారు. నల్లమల మాకు దగ్గరే కదా, అడవిలో నడిపిద్దామనుకుంటే ఒకరు వానాకాలమే పోవాలంటారు, ఒకరు చలికాలమే మేలంటారు. మా ఆయన మాత్రం చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లింగమయ్య (శివుడు) జాతరకు పోదామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, సలేశ్వరం మాత్రం ఈ ఏడు వద్దని మీ ఆయనకు నా మాటగా చెప్పండి. లింగమయ్య మీద భక్తి లేక కాదు, నేనే చాలాసార్లు పోయొచ్చాను. ఏప్రిల్ ఎండలో రాళ్ల మీద లోయలోకి దిగాలి, మళ్లీ ఎక్కాలి, ముందూ వెనకా జనం, మధ్యలో పాప కాళ్లు నొప్పులంటే ఎత్తుకొని నిలబడే చోటు కూడా ఉండదు. "వస్తున్నాం లింగమయ్యా" అని అరుచుకుంటూ గుంపులో దిగే ఆ సంతోషం పిల్లలకు దక్కాలంటే ముందు వాళ్లకు నడక అలవాటు కావాలి. రెండేళ్లు ఆగండి.

వాన కోసమైతే మల్లెలతీర్థం జలపాతం. వటవర్లపల్లి దగ్గర శ్రీశైలం మెయిన్ రోడ్డు దిగి లోపలికి పోతే వందల మెట్లు కిందికి ఉంటాయి. జులై దాటి వాగు నిండాక ఆ నీళ్ల చప్పుడు మెట్ల మీద ఉండగానే వినబడుతుంది, పిల్లలు ఇక ఆగరు. జాగ్రత్త పడాల్సింది అక్కడే. నీళ్ల పక్కన బండలు ఆకుపచ్చగా, మెత్తగా, చూడటానికి దుప్పటి పరిచినట్టు ఉంటాయి కానీ అది పాచి. ఓసారి దాని మీద చెప్పులతో కాలు పెట్టి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను, ఆ చెయ్యి పట్టుకొని అన్ని మెట్లూ ఎక్కిన బాధ ఇప్పటికీ మరవలేదు. పిల్లలకు పట్టున్న బూట్లు వేయండి, పెద్ద వాన పడిన మర్నాడు అసలు పోవద్దు, పైన కురిసిన నీళ్లు లోయలోకి ఒక్కసారిగా వస్తాయి. బయల్దేరే ముందు మన్ననూరులో అటవీ శాఖవాళ్లను అడగండి, ఒక్కోసారి దారి మూసేస్తారు. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో సఫారీ కూడా జులై నుంచి సెప్టెంబరు దాకా ఉండదు.

మొదటిసారికి మాత్రం నా ఓటు దసరా తర్వాత రోజులకే. వాగుల్లో ఇంకా నీళ్లుంటాయి, ఎండ మెత్తబడుతుంది, దారిలో సీతాఫలాల గంపలు కనబడతాయి (మన బాలానగర్ సీతాఫలానికి దేశంలోనే పేరుంది, పిల్లలకు ఆ సంగతి చెప్పండి). పొద్దున్నే అచ్చంపేట దగ్గర ఉమామహేశ్వరం ఎక్కించండి. అక్కడ కొండరాతి లోంచి చుక్కచుక్కగా నీళ్లు పడే పాపనాశనం ఉంది, దాని కింద దోసిలి పట్టి నిలబెట్టండి, ఎండిన గుట్టలోంచి నీళ్లెలా వస్తాయని వాళ్లే అడుగుతారు. తర్వాత మన్ననూరు నుంచి ఫరహాబాద్ సఫారీ. పులి కనబడుతుందని మాత్రం మాట ఇవ్వకండి, కనబడకపోతే పిల్లలు అడవినే తిట్టుకుంటారు. జంతువులే చూడాలంటే సంక్రాంతి దాటాక ఇంకోసారి పోండి, గడ్డి ఎండి, ఆకు రాలి, లోపలి దాకా చూపు ఆనుతుంది, జంతువులు నీళ్ల కోసం కుంటల దగ్గరికి వస్తాయి.

ఎండాకాలం నడకకు పనికిరాదు గానీ ఒక్క మాట చెప్పాలి. మార్చి, ఏప్రిల్‌లో తెల్లవారుజామున ఇప్పచెట్టు కింద పువ్వు రాలి ఉంటుంది, కండ పట్టిన ముత్యంలా, నలిపితే బెల్లం పాకం వాసన. చెంచులు ఏరుకునేది దాన్నే, ఎలుగుబంటికీ అదే ఇష్టం, అందుకే ఆ వేళ తెలిసినవాళ్లు లేకుండా చెట్ల కిందికి పోవద్దు. ఆ నెలల్లో నేలంతా ఎండుటాకే, ఒక్క బీడీ ముక్క చాలు అడవి అంటుకోవడానికి. మన్ననూరు దాటాక అగ్గిపుల్ల గీయనివ్వకండి, ప్లాస్టిక్ వదలకండి. రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు అడవిలో శ్రీశైలం రోడ్డు మీద బండ్లు పోనివ్వరు కాబట్టి తిరుగుప్రయాణం ఆ లెక్కన పెట్టుకోండి.

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను, నల్లగొండ. రాక్ క్లైంబింగ్ నేర్చుకోవాలని ఉంది. ఇక్కడ అవకాశం ఉందా?

జవాబు: భువనగిరి గుట్ట ఉండగా దూరం పోవడమెందుకు తమ్ముడూ! 2014 మే 25న పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ మొదట నేర్చుకున్నది ఆ బండ మీదే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున పూట మొదలుపెట్టు, ఎండాకాలంలో ఆ రాయి మీద చెయ్యి పెట్టలేవు, వాన పడితే పట్టు దొరకదు. శిక్షణ ఇచ్చేవాళ్లు లేకుండా, తాడు, హెల్మెట్ లేకుండా ఒక్క అడుగు కూడా పైకి వేయొద్దు. ఇంట్లో చెప్పి పో.